తుపాకీ పట్టినోడికి ఏం దక్కింది?

1787 జనవరి 25. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణం. నేలంతా మంచు పేరుకుపోయి ఉంది. వెయ్యిమందికి పైగా రైతులు ఆ మంచులో నడుచుకుంటూ ఆయుధాగారం వైపు వస్తున్నారు. కొందరి చేతుల్లో పాత తుపాకులు, కొందరి చేతుల్లో వట్టి కర్రలు. ముందు నడుస్తున్న మనిషి పేరు డేనియల్ షేస్. బంకర్ హిల్‌లో, సారటోగాలో బ్రిటిష్ సైన్యంతో కొట్లాడిన కెప్టెన్. ఆయన వెంట నడుస్తున్న వాళ్లలో చాలామంది అదే యుద్ధంలో పనిచేసిన సిపాయిలు.

ఎదురుగా ఫిరంగులు. మొదట తలల మీదుగా పేల్చారు. రైతులు ఆగలేదు. తర్వాత నేరుగా గుంపు మీదికే పేల్చారు. నలుగురు చనిపోయారు. మిగతావాళ్లు చెదిరిపోయారు.

ఆ ఫిరంగులు పేల్చింది బ్రిటిష్ వాళ్లు కాదు. బ్రిటన్‌తో సంధి కుదిరి అప్పటికే మూడేళ్లు దాటింది. పేల్చింది సొంత రాష్ట్ర సర్కారు. ఆజ్ఞ ఇచ్చిన జనరల్ కూడా అదే స్వాతంత్ర్య యుద్ధంలో కొట్లాడినవాడే.

జూలై 4 గురించి లోకమంతా తెలుసు. పటాకులు కాలుస్తరు, జెండాలు ఎగరేస్తరు. జనవరి 25 గురించి ఎవరూ మాట్లాడరు. కానీ అమెరికా స్వాతంత్ర్యం కథ అర్థం కావాలంటే ఈ రెండు తారీఖులనూ పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకటి గెలుపు. రెండోది గెలిచిన తర్వాత జరిగిన పంపకాల లెక్క.

మొదట అడిగింది స్వాతంత్ర్యం కాదు

13 వలసలవాళ్లు మొదటిరోజే విడిపోతామని అనలేదు. మేమూ రాజుగారి బిడ్డలమే, మాకూ ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లకున్న హక్కులే ఇవ్వండి అన్నారు. 1763లో ఫ్రాన్స్‌తో ఏడేళ్ల యుద్ధం ముగిసింది. బ్రిటన్ నెత్తిన అప్పు కుప్పలు పడింది. ఆ అప్పులో కొంత వలసల మీద వేద్దామని లండన్ పార్లమెంటు అనుకుంది. 1765లో స్టాంపు చట్టం తెచ్చింది. కోర్టు కాగితానికి స్టాంపు, పత్రికకు స్టాంపు, ఆఖరికి పేకముక్కలకూ స్టాంపు. ఆ పార్లమెంటులో వలసల తరఫున ఒక్క సభ్యుడు లేడు. మమ్మల్ని అడగకుండా మా జేబులో చెయ్యి ఎట్ల పెడతారన్నదే వాళ్ల మొదటి ప్రశ్న.

గొడవ పెరిగింది. 1766లో చట్టం వెనక్కి తీసుకున్నారు. జనం సంబురాలు చేసుకున్నారు. కానీ అదే రోజుల్లో పార్లమెంటు ఇంకో చట్టం చేసింది: వలసల మీద ఏ విషయంలోనైనా చట్టం చేసే అధికారం మాకుంది అని. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో గుంజుకోవడమంటే ఇదే. పండుగ చేసుకున్న జనంలో ఆ రెండో కాగితాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. తర్వాతి ఏడేళ్ల కొట్లాట అంతా ఆ కాగితం మీదనే నడిచింది.

1773 నాటి చాయ్ పత్తి ముచ్చట కూడా చాలామంది తప్పుగా చెప్తుంటారు. ధర పెరిగిందని బోస్టన్ జనం తిరగబడ్డారని అంటారు. నిజానికి కొత్త చట్టంతో చాయ్ పత్తి చవకైంది. దివాలా అంచుకు వచ్చిన ఈస్టిండియా కంపెనీని బతికించడానికి, కంపెనీ సరుకు నేరుగా అమెరికాలో అమ్ముకోనిచ్చారు. పాత పన్ను మాత్రం అట్లనే ఉంచారు. చవకగా వస్తుందని కొంటే పన్ను వేసే హక్కును ఒప్పుకున్నట్టే. అందుకే ఆ డిసెంబర్ 16న 342 పెట్టెల చాయ్ పత్తి సముద్రం పాలైంది.

ఆ కంపెనీ మనకు కొత్తది కాదు. 1766లో నిజాంతో ఒప్పందం చేసుకుని ఉత్తర సర్కారులను చేతుల్లోకి తీసుకున్నది ఈ కంపెనీయే. దాని ఏలుబడిలోనే 1770లో బెంగాల్‌లో కరువు వచ్చి లక్షల మంది ఆకలితో చనిపోయారు. ఆ కబురు అమెరికా దాకా పోయింది. బెంగాల్‌ను పీల్చుకున్నవాళ్లు ఇప్పుడు మన మీదికి వస్తున్నారని అక్కడి కరపత్రాలు రాశాయి. మన దగ్గర జరిగిన లూటీ, సముద్రానికి అవతల ఇంకో జనానికి హెచ్చరికగా పనికొచ్చింది.

బోస్టన్ రేవు మూసేశారు. 1774లో ఫిలడెల్ఫియాలో వలసల ప్రతినిధులు కూర్చుని బ్రిటిష్ సరుకును బహిష్కరించారు. 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్‌లో తుపాకులు పేలాయి. అంత జరిగినా ఆ జూలైలో రాజుకు ఇంకో విన్నపం రాశారు. రాజు దాన్ని ముట్టుకోకుండానే వలసలు తిరుగుబాటు చేశాయని ప్రకటించాడు. దరఖాస్తులు పెట్టీ పెట్టీ అలసిపోయినవాళ్లకు అప్పుడుగానీ తెగింపు రాలేదు.

కొట్టేసిన పేరా

1776 జనవరిలో థామస్ పెయిన్ ‘కామన్ సెన్స్’ అనే చిన్న పుస్తకం అచ్చేశాడు. ఆయన పెద్ద నాయకుడేమీ కాదు. ఆడవాళ్ల నడుముపట్టీలు కుట్టడం నేర్చుకున్నవాడు. ఇంగ్లండ్‌లో పన్నుల శాఖలో చిన్న నౌకరీ పోగొట్టుకుని, అమెరికా వచ్చి అప్పటికి ఏడాది దాటింది, అంతే. రాజు మంచోడు, మంత్రులే చెడ్డవాళ్లు అనే భ్రమను ఆయన చీల్చి పారేశాడు. మామూలు మనిషికి అర్థమయ్యే భాషలో రాశాడు. చావడుల్లో, సిపాయిల గుడారాల్లో గట్టిగా చదివి వినిపించుకున్నారు. పెద్దలు గుసగుసగా కూడా అనలేని మాటను ఒక వలస కూలీ నడిబజారులో అన్నాడు.

ఆరు నెలలకు స్వాతంత్ర్య ప్రకటన వచ్చింది. మనుషులంతా సమానంగా పుట్టారని అందులో రాసుకున్నారు. రాసిన జెఫర్సన్‌కు తన తోటల్లో వందలమంది బానిసలు ఉన్నారు. ఆయన చిత్తుప్రతిలో బానిసల వ్యాపారాన్ని తిడుతూ ఒక పేరా ఉంది, ఆ పాపమంతా రాజు మీదికి నెట్టుతూ. కాంగ్రెస్ ఆ పేరాను కూడా కొట్టేసింది. దక్షిణాది తోటల యజమానులకు నచ్చలేదు, బానిసలను ఓడల్లో మోసి పైసలు సంపాదించిన ఉత్తరాది వ్యాపారులకూ నచ్చలేదు.

ఆ మార్చిలోనే అబిగెయిల్ ఆడమ్స్ తన భర్త జాన్ ఆడమ్స్‌కు ఉత్తరం రాసింది. కొత్త చట్టాలు రాసేటప్పుడు ఆడవాళ్లను మరవకండి, మొగుళ్ల చేతికి అంతులేని అధికారం ఇవ్వకండి అని. ఆయన నవ్వొచ్చిందని జవాబు రాశాడు. అమెరికా ఆడవాళ్లకు దేశమంతటా ఓటు హక్కు రాజ్యాంగంలోకి ఎక్కడానికి 1920 దాకా పట్టింది. ఆ నవ్వు విలువ 144 ఏళ్లు.

కాగితం జీతం

యుద్ధం ఎనిమిదేళ్లు నడిచింది. మొదట్లో వ్యాపారుల కొడుకులు, భూములున్న రైతులు ఉత్సాహంగా వచ్చారు. ఏళ్లు గడిచేకొద్దీ సైన్యంలో మిగిలింది ఎక్కువగా బీదవాళ్లే. కూలీలు, భూమి లేని చిన్న కొడుకులు, కొత్తగా వచ్చిన ఐరిష్, జర్మన్ వలసవాళ్లు, స్వేచ్ఛ ఇస్తామంటే వచ్చిన నల్లవాళ్లు. 1777-78 చలికాలంలో వాలీ ఫోర్జ్ శిబిరంలో దాదాపు 2,000 మంది చనిపోయారు. గుండ్లు తగిలి కాదు, రోగాలతో.

వాళ్లకు జీతం ఏమిచ్చారు? కాంగ్రెస్ అచ్చేసిన నోట్లు. వాటికి విలువ పడిపోయి చిత్తుకాగితాలయ్యాయి. 1781 జనవరిలో పెన్సిల్వేనియా సిపాయిలు జీతాల కోసం తిరగబడ్డారు. 1783 జూన్‌లో జీతాలు అడుగుతూ సిపాయిలు ఫిలడెల్ఫియాలో సభను చుట్టుముడితే కాంగ్రెసే ఊరు విడిచిపోయింది. ఆఖరుకు చేతిలో పైసలకు బదులు బాకీ పత్రాలు పెట్టి ఇంటికి పంపారు. దేశం మీకు ఇంత బాకీ ఉంది, తర్వాత ఇస్తాం అని.

ఇక్కడ ఓడిపోయిన దొర సంగతి కూడా చెప్పుకోవాలి. 1781 అక్టోబర్ 19న యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన కారన్‌వాలిస్ అయిదేళ్లకే గవర్నర్ జనరల్ అయి మన దేశానికి వచ్చాడు. నిజాంను, మరాఠాలను కలుపుకుని టిపు మీద యుద్ధం చేశాడు. 1793లో బెంగాల్‌లో శాశ్వత జమీందారీ పెట్టాడు. తర్వాత 1802లో మద్రాసు సర్కారు అదే పద్ధతికి చట్టం చేసి ఉత్తర సర్కారులకూ తెచ్చింది. అంటే ఓడిన సేనాపతికి పెద్ద పదవి దొరికింది. గెలిచిన సిపాయికి బాకీ పత్రం దొరికింది.

జోసెఫ్ ప్లమ్ మార్టిన్ అనే సిపాయి 15 ఏళ్ల వయసులో సైన్యంలో చేరి, యుద్ధం ముగిసేదాకా ఉన్నాడు. తర్వాత మెయిన్ ప్రాంతానికి పోయి అడవి కొట్టి ఎవుసం చేసుకున్నాడు. ఆ భూమి నాదేనంటూ కాగితాలు పట్టుకుని వచ్చినవాడు హెన్రీ నాక్స్. అదే యుద్ధంలో జనరల్, తర్వాత దేశానికి యుద్ధ మంత్రి. మార్టిన్ భూమి నిలబెట్టుకోలేకపోయాడు. 1818లో బీద సిపాయిలకు పింఛను ఇస్తామంటే, నా దగ్గర ఏమీ లేదని ప్రమాణం చేసి ఏడాదికి 96 డాలర్లు తీసుకున్నాడు. 1830లో తన కథ రాసుకున్నాడు, అదీ పేరు వేసుకోకుండా.

షేస్ ఎందుకు తిరగబడ్డాడు?

మళ్లీ మసాచుసెట్స్‌కు వద్దాం. యుద్ధం కోసం చేసిన అప్పు తీర్చాలని ఆ రాష్ట్ర సర్కారు రైతుల మీద తలపన్ను, భూమిపన్ను వేసింది. వెండి బంగారు నాణేల్లోనే కట్టాలంది. పల్లెల్లో నాణెం ఎక్కడిది? పంట ఉంది, పశువులు ఉన్నాయి, పైసలు లేవు. కట్టనివాడి ఆవును జప్తు చేశారు, భూమిని వేలం వేశారు, మనిషిని జైల్లో పెట్టారు.

ఆ పన్ను పైసలు ఎవరికి పోతున్నాయి? బాకీ పత్రాలు ఉన్నవాళ్లకు. ఆ పత్రాలు ఎవరి దగ్గర ఉన్నాయి? సిపాయి ఆకలికి ఆగలేక తన పత్రాన్ని కారుచవకగా ఎప్పుడో అమ్ముకున్నాడు. కొన్నది బోస్టన్ షావుకార్లు. ఇప్పుడు ఆ షావుకారికి పూర్తి విలువ చెల్లించడానికి అదే సిపాయి దగ్గర పన్ను వసూలు. యుద్ధం చేసింది ఆయనే, బాకీ రావాల్సింది ఆయనకే, ఆ బాకీ కట్టాల్సిందీ ఆయనే!

రైతులు మొదట దరఖాస్తులే పెట్టారు. పన్ను తగ్గించండి, కాగితం నోట్లు ఒప్పుకోండి, కోర్టు ఖర్చులు తగ్గించండి, రాజధానిని షావుకార్ల బోస్టన్ నుంచి మార్చండి అన్నారు. వినేవాడు లేడు. 1786 ఆగస్టు నుంచి కోర్టులు నడవకుండా అడ్డుకున్నారు. కోర్టు కూర్చోకపోతే జప్తు ఉత్తర్వు రాదు కదా. పదేళ్ల కింద బ్రిటిష్ కోర్టుల ముందు వాళ్లు చేసిన పని కూడా అదే. అప్పుడు దేశభక్తి అన్నారు, ఇప్పుడు తిరుగుబాటు అన్నారు.

ఇక్కడ మనసును గుచ్చే పేరు శామ్యూల్ ఆడమ్స్. బోస్టన్‌లో జనాన్ని కూడగట్టి, చాయ్ పత్తి రోజున ముందుండి నడిపిన ఉద్యమ పెద్ద. 1786 నాటికి రాష్ట్ర రాజకీయాల్లో పెద్దమనిషి. గుంపులను చెదరగొట్టే చట్టం రాయడంలో ఆయన చెయ్యి ఉంది. రాజు ఏలుబడిలో తిరగబడితే క్షమించవచ్చు, ప్రజల సర్కారు మీద తిరగబడితే ఉరే సరి అని వాదించాడు. ప్రజలే ఎన్నుకున్న సర్కారు మీద ఆయుధం పట్టవచ్చా అనేది చిన్న ప్రశ్న కాదు, ఒప్పుకుందాం. కానీ ఆస్తి ఉన్నవాడికే ఓటు ఉన్న రాష్ట్రంలో, దరఖాస్తు పెడితే బుట్టదాఖలు చేసిన రాష్ట్రంలో, ఆ మాట అనే హక్కు ఉద్యమంలో నుంచి వచ్చిన మనిషికి ఉందా? కుర్చీ మారితే చూపు మారుతుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి.

ఖజానాలో పైసలు లేకపోతే బోస్టన్ షావుకార్లు చందాలు వేసుకుని సైన్యాన్ని పంపారు. 1787 ఫిబ్రవరి 4న పీటర్‌షామ్ దగ్గర తిరుగుబాటు అణగిపోయింది. పాల్గొన్నవాళ్లకు మూడేళ్లు ఓటు లేకుండా, బడిలో పాఠం చెప్పే పని కూడా చేయకుండా చట్టం చేశారు. అయినా ఆ వసంతంలో జరిగిన ఎన్నికల్లో గవర్నర్ బౌడిన్‌ను జనం ఘోరంగా ఓడించారు. కొత్త సభ పన్నులు తగ్గించింది. 1788లో షేస్‌కు క్షమాభిక్ష వచ్చింది. తుపాకీతో కానిది ఓటుతో కొంత అయింది. దాన్ని కూడా లెక్కలో రాయాలి.

మూసిన తలుపులు, తెరిచిన తలుపులు

ఈ రైతుల అలజడి పెద్దలను వణికించింది. అప్పటిదాకా ఉన్న ఒప్పందం ప్రకారం కేంద్రానికి పన్ను వేసే అధికారం కూడా లేదు. 1787 మే 25 నుంచి సెప్టెంబర్ 17 దాకా ఫిలడెల్ఫియాలో 55 మంది కూర్చుని కొత్త రాజ్యాంగం రాశారు. వాకిలి దగ్గర కాపలా, లోపలి మాట బయటికి పోకూడదని నియమం. మాడిసన్ రాసుకున్న చర్చల పుస్తకం 1840 దాకా అచ్చు కాలేదు. ఆ 55 మందిలో షేస్ వెంట నడిచిన రైతు ఒక్కడు లేడు.

పౌరుల హక్కుల జాబితా పెడదామని చివరి రోజుల్లో జార్జ్ మేసన్ అడిగితే ఒక్క రాష్ట్రం కూడా మద్దతు ఇవ్వలేదు. ఆయన సంతకం పెట్టకుండా వెళ్లిపోయాడు. బానిసల సంగతి మాత్రం జాగ్రత్తగా రాసుకున్నారు. సీట్ల లెక్కకు అయిదుగురు బానిసలు ముగ్గురితో సమానం. 1808 దాకా బానిసల దిగుమతిని దేశం ఆపకూడదు. పారిపోయినవాడిని పట్టి అప్పగించాలి. బానిస అనే మాట మాత్రం ఎక్కడా రాయలేదు. పాపం చేయడానికి సిగ్గుపడలేదు, పేరు పెట్టడానికి సిగ్గుపడ్డారు.

కానీ ఆ రాజ్యాంగానికి రాష్ట్రాల సభలు ఒప్పుకోవాలి. అక్కడ తలుపులు తెరుచుకున్నాయి. మసాచుసెట్స్ సభలో ఏమాస్ సింగిల్టరీ అనే పల్లెటూరి ప్రతినిధి లేచి, ఈ వకీళ్లు, పైసలున్న దొరలు అధికారం చేతికొస్తే మాలాంటి చిన్నవాళ్లను మింగేస్తారని మొహం మీదనే అన్నాడు. ఓట్లు లెక్కిస్తే 187 అటు, 168 ఇటు. సవరణలు చేయాలనే సిఫారసుతోనే గట్టెక్కింది. వర్జీనియాలో 89-79, న్యూయార్క్‌లో 30-27. అన్నిచోట్లా ఒకటే మాట: మీ మంచితనం మీద మాకు అనుమానం లేదు, కాకపోతే రాసివ్వండి.

హక్కుల జాబితా అవసరం లేదని మొదట అన్న మాడిసనే, ఎన్నికల్లో గెలవడానికి మాట ఇచ్చి, 1789లో సవరణలు ప్రవేశపెట్టాడు. 1791 డిసెంబర్ 15న పది సవరణలు అమల్లోకి వచ్చాయి. మాట్లాడే హక్కు, పత్రిక నడిపే హక్కు, గుమిగూడే హక్కు, దరఖాస్తు పెట్టే హక్కు. ఈరోజు అమెరికా గొప్పగా చెప్పుకునే ఈ హక్కులు ఆ పెద్దలు మనసు కరిగి ఇచ్చినవి కావు. నమ్మని జనం పట్టుపట్టి రాయించుకున్నవి.

సిపాయిల బాకీ పత్రాల సంగతి 1790లో తేలింది. ఆర్థికమంత్రి హామిల్టన్ పత్రం ఎవరి చేతిలో ఉంటే వాళ్లకే పూర్తి విలువ ఇస్తామన్నాడు. మొదటి యజమానులను వెతకడం అయ్యే పని కాదు, దేశం పరపతి నిలబడాలి అనేది ఆయన వాదన. దేశం పరపతి నిలబడింది కూడా. కానీ మొదట పత్రం తీసుకున్న సిపాయికి కూడా వాటా ఇవ్వాలని మాడిసన్ ప్రతిపాదిస్తే ఓట్లలో 36-13 తేడాతో ఓడిపోయింది. కబురు ముందే తెలిసినవాళ్లు దక్షిణాదికి ఓడలు పంపి మిగిలిన పత్రాలను కొనిపించారని ఆనాటి కాంగ్రెస్ సభ్యులే ఆరోపించారు.

రాసి ఉన్న మాటకు బలం

రాతతోనే అన్నీ అయిపోతాయా? కావు. కానీ రాత ఉంటే పట్టుకుని లాగడానికి ఒక కొస దొరుకుతుంది. మనుషులంతా స్వేచ్ఛగా, సమానంగా పుట్టారని 1780లో మసాచుసెట్స్ రాజ్యాంగంలో రాశారు. ఎలిజబెత్ ఫ్రీమన్ అనే బానిస స్త్రీ ఆ మాట చెవిన వేసుకుంది. ఆమెకు చదువు రాదు. 1781లో యజమాని మీద కోర్టుకెక్కి గెలిచింది. 1790 జనాభా లెక్కల్లో మసాచుసెట్స్‌లో ఒక్క బానిస పేరూ లేదు. అదే లెక్కల్లో దేశమంతా కలిపి దాదాపు 7 లక్షల మంది బానిసలు ఉన్నారు. దేశ రాజ్యాంగంలో ఆ వాక్యం లేదు మరి.

కాపలా లేకపోతే రాసిందీ పోతుంది. న్యూజెర్సీ 1776లో ఆస్తి ఉన్న నివాసులందరికీ ఓటు అని రాసింది. ఆస్తి ఉన్న ఒంటరి ఆడవాళ్లు, నల్లవాళ్లు ఓట్లేశారు. 1807లో సభ ఒక చట్టంతో దాన్ని తీసేసింది.

ఒక్క వాక్యం ఎంత పని చేస్తుందో ప్రత్యేక రాష్ట్రం కోసం కొట్లాడినవాళ్లకు వేరే చెప్పక్కరలేదు. వర్మాంట్ ప్రజలు 1777లోనే న్యూయార్క్ పెత్తనం వద్దని తమంతట తాము విడిపోయారు. 14వ రాష్ట్రంగా గుర్తింపు వచ్చింది 1791లో. న్యూయార్క్ ఒప్పుకోవాల్సి వచ్చింది, దానికి 30,000 డాలర్లు కట్టాల్సి వచ్చింది. పాత రాష్ట్ర సభ సమ్మతి లేకుండా దాని భూభాగంలో కొత్త రాష్ట్రం రాకూడదని అమెరికా రాజ్యాంగం. మన రాజ్యాంగం మూడో అధికరణంలో సమ్మతి అనలేదు, అభిప్రాయం అంది. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ బిల్లును తిరస్కరించినా, ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించగలిగింది ఆ తేడా వల్లనే.

పిలుపే అందనివాళ్లు

1783లో పారిస్‌లో సంధి రాసుకున్నప్పుడు బ్రిటన్ మిసిసిపి నది దాకా భూమిని అమెరికాకు ఇచ్చేసింది. ఆ భూమి మీద తరతరాలుగా బతుకుతున్న ఆదివాసీ తెగల నుంచి ఒక్క మనిషి అక్కడ లేడు. బ్రిటన్ పక్షాన కొట్లాడిన తెగలూ నష్టపోయాయి, అమెరికా పక్షాన కొట్లాడిన ఒనైడా తెగా తర్వాతి ఏళ్లలో తన భూమి పోగొట్టుకుంది. ఎవరి పక్షాన నిలబడ్డామన్నది కాదు, పంపకాల రోజున మన పీట ఉందా లేదా అన్నదే తేల్చింది.

అమెరికా స్వాతంత్ర్యం వట్టిదని నేను అనడం లేదు. రాజు లేని పెద్ద దేశం నడుస్తుందని లోకానికి చూపించింది. అది చిన్న సంగతి కాదు. కానీ ఆ గెలుపు చరిత్రలో ప్రతి పుటకూ ఒక వెనకపుట ఉంది. జూలై 4న జెండా ఎత్తినవాడే జనవరి 25న మంచులో పడిపోయాడు. ఆయనకు దక్కాల్సింది ఆయన చేతిలో పెట్టిన కాగితంతో పాటే చేతులు మారింది.

గెలిచిన రోజు అందరూ ఇంటికి పోయి నిద్రపోయారు. షావుకారు పోలేదు, వకీలు పోలేదు. పొద్దున లేచి చూసేసరికి లెక్కలు రాయడం అయిపోయింది. మళ్లీ సభల్లో లేచి నిలబడి, రాసివ్వండి అని అడిగిన సింగిల్టరీ లాంటివాళ్ల వల్ల పది సవరణలైనా మిగిలాయి. ఎక్కడ ఏ ఉద్యమం గెలిచినా, జెండా ఎగిరిన మర్నాడు జనం అడగాల్సింది ఒకటే ప్రశ్న: లెక్క ఎవరు రాస్తున్నారు, అందులో మా పేరు ఏ వరుసలో ఉంది?